వాగు ఇసుకలో దొరికినవారు

సహోదరీ సహోదరులారా, నలుగురి ముందు నిలబడి చెప్పడం నాకు చేతకాదు కనుక మన సంఘ పత్రికలో రాస్తున్నాను. నా భర్త దేవదానం వాగులో కొట్టుకుపోయి కనబడకుండా పోయిన సంగతి మీకందరికీ తెలుసు. ఆయన ఎముకలను దేవుడు నా చేతికి ఎట్లా తెచ్చి ఇచ్చాడో కొందరికే తెలుసు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

మాది మార్కాపురం. నేను అంగన్‌వాడీ టీచరును. ఆయన పలకల గనిలో పని చేసేవాడు, పొద్దస్తమానం గొంతుక్కూర్చుని ఉలితో రాతిని పొరలుగా చీల్చేవాడు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం బండి మీద అర్ధవీడు వైపు ఒక చిన్న పల్లెకు వెళ్ళి, అక్కడి నాలుగైదు కుటుంబాలతో ప్రార్థన చేయించి వచ్చేవాడు. తుపాను వానలు పడుతున్న ఒక ఆదివారం నేను వద్దన్నాను. "వాళ్ళు కాసుకొని ఉంటారు మేరీ, పోకుంటే ఎట్ల?" అని వెళ్ళాడు. మరునాడు వాగు ఒడ్డున తుమ్మచెట్టుకు తట్టుకుని ఆయన బండి దొరికింది. మనిషి దొరకలేదు.

ఆ తరువాతి కాలాన్ని ఏమని చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. సంఘంలో కొందరు "వస్తాడమ్మా, విశ్వాసం ఉంచు" అనేవారు, కొందరు "ఇంక రాడు తల్లీ, ఏడ్చి తేలికపడు" అనేవారు, అందరూ ప్రేమతోనే అనేవారు, ఎవరి మాటా నేను మోయలేకపోయేదాన్ని. ప్రార్థనలో ఆయన పేరు వచ్చిన చోట ఆగిపోయేదాన్ని. కాపాడమని అడగాలా, నీ దగ్గర చేర్చుకున్నందుకు వందనాలని చెప్పాలా? నాకు పుస్తకాలు చదివే అలవాటుంది. దుఃఖం గురించి రాసిన వాళ్ళందరికీ వెళ్ళి కూర్చోవడానికి ఒక సమాధి ఉందని అప్పుడు గమనించాను. నాకు అదీ లేదు.

వానలు పోయి, ఎండలు వచ్చి, మళ్ళీ ఎండలు వచ్చినప్పుడు ఆ వాగులో కిందికి ఎక్కడో ఇసుక తీస్తుంటే ఎముకలు బయటపడ్డాయి. కూలీలు వాటిని ఏరి ఒక యూరియా సంచిలో వేసి పోలీసు స్టేషనులో ఇచ్చారు. స్టేషనుకు రమ్మని నాకు కబురొచ్చింది. నాతో పాటు ఇంకొక ఇంటివాళ్ళకు కూడా కబురు పోయింది. అర్ధవీడు దగ్గరి రైతులు వాళ్ళు. ఆ ఇంటి పెద్ద నాగయ్య అవే వానల్లో గొర్లను తోలుకుని పోయి తిరిగి రాలేదు. ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ, మరిది కొండయ్య వచ్చారు.

ఎస్సైగారు వరండాలో టార్పాలిన్ పట్టా పరిపించి సంచి విప్పించారు. నేను చూసింది చెయ్యి ఎముక. మోచేతి కింద వంకరగా అతుక్కుని ఉంది. పెళ్ళయిన కొత్తలో మా ఆయన గనిలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంటే కట్టు కట్టించింది నేనే, ఆ వంకర నా చేతులకు తెలుసు. "మా ఆయనే సార్" అన్నాను. అదే సమయానికి ఆదిలక్ష్మమ్మ పుర్రెను చూసి కూలబడిపోయింది. "ముందరి పన్ను లేదు చూడు కొండయ్యా, మీ అన్నే" అంది.

ఎస్సైగారు తల పట్టుకున్నారు. "పుర్రె ఒక్కటే, మనిషి ఒక్కడే. ఒక్క మొగునికి ఇద్దరు పెండ్లాలు యాడనుంచి వచ్చినారమ్మా?"

"మా అన్నకు ఒక్కతే పెండ్లాం సార్" అన్నాడు కొండయ్య. తరువాత నా వైపు తిరిగాడు. "మేం కాలుస్తాం, మీరు పూడుస్తారు. సగం సగం పంచుకుందామా ఏంది?"

ఆ మాటకు నాకు కోపం రాలేదు, భయం వచ్చింది. వాళ్ళు తీసుకుపోతే ఆ సాయంత్రానికే చితి పేరుస్తారు. బూడిదయ్యాక నేను అడగడానికి ఏమీ మిగలదు. ఎస్సైగారు మంచి మనిషి. ఎవరి చేతికీ ఇవ్వకుండా సంచికి సీలు వేయించి మెడికల్ కాలేజీకి పంపించారు. మా అమ్మాయి రక్తం, వాళ్ళ అబ్బాయి రక్తం కూడా తీసుకున్నారు.

సహోదరులారా, ఆ ఎదురుచూపులో నేను చేసిన ప్రార్థన ఇది: "ప్రభువా, అది ఆయనే కావాలి. నాకు ఇవ్వు." రోజూ ఇదే. తరువాత ఒక రోజు కాలేజీలో ఏవో సంతకాలకు పిలిస్తే ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చోవలసి వచ్చింది. ఆదిలక్ష్మమ్మ టిఫిన్ డబ్బా మూత తీసి నా వైపు జరిపి, "తిను వదినా. పంచాయితీ పంచాయితీనే, ఆకలి ఆకలే" అంది. తిన్నాను. "అవునుగాని, పూడ్చుకుంటే ఏమొస్తది మీకు?" అని అడిగింది. యేసుప్రభువు సమాధి నుంచి లేచాడని, ఆయన వచ్చే రోజున మావాళ్ళనూ లేపుతాడని మేము నమ్ముతామని చెప్పాను. "మంచిదే" అంది, ఒక పొలం ధర విన్నట్టు.

ఆ రోజు ఇంటికి వచ్చి మోకరించాను, ఎప్పటి ప్రార్థన మొదలుపెట్టాను, కాని నాకు ఇవ్వమంటే ఆమెకు ఇవ్వవద్దని అడిగినట్టే కదా అని నోరు ఆగిపోయింది, ఎట్లా అడగాలో తెలియక చివరికి, "ప్రభువా, ఆమెను కూడా ఉత్త చేతులతో పంపవద్దు, అది ఎట్లా అవుతుందో నాకు తెలియదు, నీకు తెలుసు" అన్నాను. మా ఆయన మాయమైన తరువాత నేను మొదటిసారి నిండా నిద్రపోయింది ఆ రోజే.

పరీక్ష పూర్తయ్యాక మమ్మల్ని పిలిచారు. ఎముకలు చూసే డాక్టరమ్మ పొడవాటి బల్ల మీద వాటిని తల నుంచి పాదం దాకా మనిషి పడుకున్న వరుసలో పేర్చి ఉంచారు. ఒక బల్ల కాదు, రెండు బల్లలు.

"మీలో ఎవరూ తప్పు చెప్పలేదమ్మా" అన్నారు. "పుర్రె ఒక్కటే దొరికిందని ఒక్క మనిషే అనుకున్నారు. మనిషికి ఎడమ తొడ ఎముక ఒక్కటే ఉంటుంది. సంచిలో రెండున్నాయి. ఇద్దరు మనుషులు వీళ్ళు."

డాక్టరమ్మ నిదానంగా చూపించారు. మొదటి బల్ల మీది మనిషి పెద్దవాడు, మోకాళ్ళు అరిగాయి, పుర్రె ఆయన మెడ ఎముకకే సరిపోయింది. రెండో బల్ల మీది మనిషి వయసులో చిన్న, చెయ్యి విరిగి అతుక్కుంది, చీలమండ దగ్గర ఎముక మీద ఒక నొక్కు ఉంది. "ఏళ్ళ తరబడి గొంతుక్కూర్చునే వాళ్ళకు పడుతుంది ఇది. ఈయన అట్లాంటి పనేమైనా చేసేవారా?"

"పలకల పనమ్మా" అన్నాను.

ఆదిలక్ష్మమ్మ ఏడుస్తూనే అంది: "మా ఆయన ఒక్కనాడన్నా కూర్చున్నాడా తల్లీ, గొర్ల యెంబడి తిరిగి తిరిగి మోకాళ్ళు అరగ్గొట్టుకున్నాడు."

పిల్లల రక్తంతో పోల్చినా అదే తేలింది. కాని పక్కన ఒక పళ్ళెంలో చిన్న ఎముకలు మిగిలాయి, వేళ్ళవి, పక్కటెముకల ముక్కలు. నీళ్ళలో అరిగిపోయాయని, ఎవరివో చెప్పలేనని, మీరే మాట్లాడుకోండని డాక్టరమ్మ అన్నారు.

నేను నోరు తెరిచేలోపే ఆదిలక్ష్మమ్మ పళ్ళేన్ని నా వైపు జరిపింది, టిఫిన్ డబ్బా జరిపినట్టే. "నీతోనే పెట్టుకో వదినా."

"అన్న ఎముకలు పూడుస్తారా? మన ఆచారం కాదు గదా" అన్నాడు కొండయ్య.

"నువ్వుండు. ఆమె మొగుని వేళ్ళు మన చితిలో కాలినాక తెచ్చి ఇయ్యగలవా? మీ అన్న వేలు మట్టిలో ఉంటే ఏమైతది, బతికినన్నాళ్ళు మట్టిలోనే గదా ఉన్నాడు."

వాళ్ళు నాగయ్యను వాళ్ళ పొలం గట్టున దహనం చేసుకున్నారు. నేను, మా అమ్మాయి వెళ్ళాం. తరువాత మన సమాధుల తోటలో దేవదానం సమాధి కూడిక జరిగింది. వచ్చినవాళ్ళు చూశారు, చిన్న పెట్టె. తల లేకుండా ఎట్లా అని ఎవరో గుసగుసలాడారు. నాకు ఆ దిగులు లేదు, ఎక్కడ ఉందో లేపేవాడికి తెలుసు. మా ఆయన పేరు దగ్గర ఆగకుండా ప్రార్థన చేశాను, ఇక ఏమి అడగాలో నాకు తెలుసు, వందనాలు చెప్పడమే.

ఆదిలక్ష్మమ్మ కూడా కొండయ్యతో వచ్చింది. అందరితో పాటు గుప్పెడు మట్టి వేసి, పాస్టరుగారిని అడిగింది. "అయ్యా, మీ దేవుడు లేపేటప్పుడు పేరు పెట్టి పిలుస్తాడా?"

"పిలుస్తాడమ్మా."

"మా ఆయన వేళ్ళు కూడా ఇందులో ఉన్నాయేమో. ఆయనకు చెవుడు. కొంచెం గట్టిగ పిలవమని చెప్పండి."

పాస్టరుగారు నవ్వారు. కొండయ్య నవ్వాడు. భర్తను మట్టిలో పెట్టి ఇంకా చేతులు దులుపుకోని నేను కూడా నవ్వాను, కడుపు నిండా. ముగింపు ప్రార్థనలో పాస్టరుగారు రెండు పేర్లు చెప్పారు. రెండో పేరు తోట అవతలి రోడ్డు దాకా వినిపించేటట్టు చెప్పారు.

మహిమ దేవునిదే. మీ మనిషి ఇంకా దొరకనివాళ్ళు ఎవరైనా ఇది చదివితే, మా ఇంటికి రండి. విశ్వాసం ఉంచమని మాట చెప్పి పంపించను. మీతో పాటు స్టేషనుకు వస్తాను, ఆసుపత్రి బల్ల మీద పక్కన కూర్చుంటాను, కలిసి దేవుణ్ణే అడుగుదాం.