బంగారు పురుగు ఏ పార్టీది?

రంగు పూయకుండా రంగు తెప్పించడం నా ఉద్యోగం. ఇసుకలోని పదార్థాన్ని కంటికి ఆననంత చిన్న గుండ్లుగా చేసి, నీళ్లలో కలిపి, గాజుపలక మీద వరుసగా పేరుకునేలా ఆరబెడతాం. గుండ్లు ఒక సైజులో ఉంటే పలక నీలంగా కనపడుతుంది, కొంచెం పెద్దవైతే పచ్చగా. రంగుపొడి చిటికెడు కూడా కలపం. వెలుగు ఆ వరుసలకు తగిలి తిరిగి రావడంలోనే రంగు పుడుతుంది. వెలిసిపోవడానికి అందులో అద్దకమే లేదు కాబట్టి ఎండలో ఉండే గోడలకు పనికొస్తుంది. నకలు తీయడం కష్టం కాబట్టి మందుల డబ్బాల మీదా, విత్తనాల ప్యాకెట్ల మీదా ముద్రగా పనికొస్తుంది. ఇదంతా ఎక్కడ మొదలైందని అడిగితే ప్రొద్దుటూరు బస్సులో అంటాను. ఎగతాళి చేస్తున్నాననుకుంటారు.

మాది జమ్మలమడుగు దగ్గర, పార్టీల పేరుతో రెండు గుంపులుగా చీలి పగబట్టిన ఊళ్ల మధ్య పల్లె. నాయన చర్చి బడిలో టీచరు. మేం ఏ గుంపుకూ చెందం, అయినా ఎన్నికలొస్తే అమ్మ పెట్టె తెరిచి, రెండు పార్టీల రంగుల చీరలనూ అడుక్కి నెట్టేసేది. మా వీధిలో ఒకాయన పెండ్లిలో పెట్టిన తువ్వాలు భుజాన వేసుకుని పక్క ఊరికి పోయి, దాని రంగు పుణ్యాన తన్నులు తిని వచ్చాడు. మా హైస్కూల్లోనైతే ఆ నెలల్లో రంగు కాగితం కనపడకూడదు. సైన్సు చార్టులు కూడా పెన్సిల్‌తోనే గీయాలి.

అట్లాంటి కాలంలో, పదో తరగతిలో, ప్రొద్దుటూరులో సైన్సు ప్రదర్శనకు నేను ఎంచుకున్న విషయం రంగులు! బుద్ధి ఉన్నవాళ్లు చేసే పని కాదు. కానీ నాకు వేరే దారి లేదు. పదితో చదువు చాలని నాయన తేల్చేశాడు. ఇంటర్ సైన్సు చదవాలంటే రోజూ ప్రొద్దుటూరు పోవాలి, బస్సు మా ఊరి గుంపుకు పగవాళ్లయిన ఊరి మీదుగా పోతుంది. "ఆ రూట్లో ఆడబిడ్డను దినామూ పంపేదా? నా వల్ల కాదు," అన్నాడు. నేను ఏడవలేదు. ఒక్కసారి నాతో ప్రదర్శనకు రమ్మన్నాను, అంతే.

తుమ్మచెట్ల కింద చచ్చిపడిన బంగారు పురుగుల రెక్కలు ఏరుకున్నాను. మా వైపు పిల్లలు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచుకునే పురుగులే. ఆ రెక్క నేరుగా చూస్తే ఆకుపచ్చ, వాలిస్తే నీలం. బ్లేడుతో పైపొర గీకితే రెండూ పోయి మట్టిరంగు మిగులుతుంది. పచ్చదనం అద్దకంలో లేదు, పొరల అమరికలో ఉంది. ఇదే నా ప్రదర్శన. నేను రంగు పూయలేదు కాబట్టి హెడ్మాస్టరు కూడా కాదనలేకపోయాడు.

ప్రదర్శన రోజు నాయనతో పోతుంటే ఆ పగ ఊరి స్టేజీలో బస్సు ఆగింది. అవతలి పార్టీ కరపత్రాలు పోతున్నాయేమోనని వెతకడానికి నలుగురైదుగురు ఎక్కారు. పెద్ద మీసాలాయన నా ఒడిలోని డబ్బా చూశాడు.

"ఏంది పాపా అది? తెరువు."

తెరిచాను. ఆయన ఒక రెక్క తీసి అటూ ఇటూ తిప్పాడు. మొహం మారింది. "పచ్చగుండాది. కాదు, నీలం. ఏందప్పా, ఇది ఎవరి రంగు?" అని నాయనను అడిగాడు. నాయన చెయ్యి నా మోచేతిని గట్టిగా పట్టుకుంది.

నాకు భయం వేసింది, దానికంటే ఎక్కువ ఒళ్లు మండింది. "పురుగు రంగు మామా, ఎవరిదీ కాదు. దాంట్లో అద్దకమే లేదు. ఈ బ్లేడు తీసుకో, నువ్వే గీకి సూడు," అన్నాను.

ఆయన నిజంగానే గీకాడు. మట్టిరంగు తేలింది. "ఓరి దీని! యాడికి పాయరా రంగు?" అంటూ పక్కవాణ్ణి పిలిచి చూపించి, ఇంకా గీకాడు. ఉన్నవాటిలో పగలకుండా ఉన్న పెద్ద రెక్క అదే.

"శానా మంచి రెక్కను పాడు చేసినావు మామా. ఇంగ నేను ఏం సూపించల్ల ఆడ?"

మీసాలాయన రెక్కను మెల్లగా డబ్బాలో పెట్టి, మూత కూడా ఆయనే వేశాడు. "గీకింది కూడా సూపించు పాపా, బాగుండాది," అని దిగిపోయాడు.

అదే చూపించాను. వచ్చినవాళ్లంతా గీకిన సగాన్నీ గీకని సగాన్నీ మార్చి మార్చి చూశారు. "దీనివల్ల లాభమేంటి?" అని జడ్జీ అడిగితే, ఇట్లా పొరలు పేర్చడం మనకు చేతనైతే ఎండకు వెలవని రంగు చేయొచ్చన్నాను. నవ్వి పక్క బల్లకు పోయాడు. బహుమతి కరెంటు గంట చేసిన పిల్లవాడికి వచ్చింది. కడుపు రగిలింది, ఎందుకు దాచాలి. నాయన మాత్రం నా బల్ల పక్కనే నిలబడ్డాడు, టీ తాగడానికి కూడా కదల్లేదు.

తిరుగు ప్రయాణంలో ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంక అయిపోయినట్టేనని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పగ ఊరి స్టేజీ దాటింది. కండక్టరు టిక్కెట్ల కోసం మా సీటు దగ్గరికి వచ్చాడు. నాయన చిల్లర ఇచ్చి, ఆయన ముందుకు పోబోతుంటే చొక్కా పట్టుకుని ఆపాడు.

"కాలేజీ పిల్లోళ్లకు బస్సు పాసు యాడ ఇస్తారప్పా?"