అట్టముక్కల మేష్టారు

మా అట్టముక్కల మేష్టారు ముప్పై ఏళ్ళు అరబ్బీ క్రియలు నేర్పాడు. అనువాదకులను తయారుచేసే ఆ సంస్థ దర్జీ కొట్టు పై అంతస్తులో ఉండేది. కింద కుట్టుమిషన్లు ఎంత మోత పెట్టినా ఆయన గొంతే పైన. పుస్తకంతో ఆయనకు పని లేదు. ముగ్గురు విద్యార్థుల చేతికి మూడు అట్టముక్కలిచ్చి బల్ల ముందు నిలబెట్టేవాడు. ఒకడు క, ఒకడు స, ఒకడు ర. ఆ మూడూ కలిస్తే ధాతువు.

"కసర, అంటే విరిచాడు. ఇప్పుడు నడిమివాడి పక్కన వాడి కవల, ఇంకో స, నిలబడాల్రా. కస్సర, తుక్కుతుక్కుగా విరగ్గొట్టాడు. కవల వెళ్ళిపోవచ్చు. ముందొచ్చి ఇద్దరు చేరండి. ఇన్‌కసర, దానంతటదే విరిగింది."

మూడక్షరాలూ వరస తప్పవు. చుట్టూ చేరేవాళ్ళు మారితే అర్థం మారుతుంది. అలాంటి అచ్చులు, అంటే మూసలు, పది. అర్థం ఉన్నా లేకపోయినా ప్రతి ధాతువునూ పదింటిలోనూ పోసి చూపించాల్సిందే.

ఎవడైనా తప్పు చోట దూరాడా, అంతే సంగతులు. "మళ్ళీ మొదటి నుంచి" అనేవాడు. తొమ్మిదో అచ్చులో తప్పినా మొదటికే. ఒకరోజు నేను పదకొండుసార్లు మొదటికి వెళ్ళాను. "వీడి బుర్రలో ధాతువు నిలవదురా, నీళ్ళే నిలుస్తాయి" అన్నాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి నేను నీళ్ళబుర్రను. తర్వాత అక్కడే ఆయన చేతికింద పన్నెండేళ్ళు పాఠాలు చెప్పినా ఆ పేరు నన్ను వదల్లేదు. నిద్రలో లేపి అడిగినా పది అచ్చులూ చెప్పగలనంటే అది ఆయన పుణ్యమే. అది తెలిసే ఆయన్ని ద్వేషించాను.

పోయిన ఏడాది మేష్టారికి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ స్వాధీనంలోకి వచ్చాయిగానీ మాట సగమే తిరిగొచ్చింది. డైరెక్టరు మూడు నెలలు ఓపికపట్టి, తన ముందు ఒక పాఠం చెప్పి చూపించమన్నాడు. చెప్పగలిగితే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే ఆ కుర్చీ నాది.

ముందురోజు మేష్టారి భార్య మా ఇంటికొచ్చింది.

"వంటింటి డబ్బాలకి అట్టముక్కలు అంటించి రోజూ చెప్పిస్తున్నా బాబూ. ఆరు దాకా బానే వస్తున్నాయి. ఏడోదాని దగ్గరే నాలుక మడతపడుతోంది. ఆగిపోతే ఆ ఒక్క ముక్కా అందించు. పాఠం లేకపోతే ఈ మనిషి బతకడు."

"అలాగేనమ్మా, నేనున్నాగా" అన్నాను.

డైరెక్టరుకు అరబ్బీలో అ అంటే ఆ రాదు. నేను పైకే అందించినా పాఠంలో భాగమనుకునేవాడు.

మర్నాడు ఆరు అచ్చులూ నత్తినత్తిగానే అయినా సాగాయి. ఏడోదానికి, ఆ ఇన్‌కసరకి, ఇద్దరు పిల్లలు ముందుకొచ్చి నిలబడ్డారు. మేష్టారి పెదవులు కదిలాయి, మాట రాలేదు. నా వైపు చూశాడు. ఆయన నన్ను బతిమాలడం అదే మొదటిసారి.

"మళ్ళీ మొదటి నుంచి" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆయన బుద్ధిగా కసర నుంచి మొదలుపెట్టాడు. ఏడు దగ్గర మళ్ళీ ఆగాడు. నేను మళ్ళీ అదే మాట అన్నాను. నాలుగోసారికి మూడో అచ్చు కూడా పోయింది. చొంగ కారి చొక్కా తడిసింది. అట్టముక్కలు పట్టుకున్న పిల్లలు తలలు దించుకున్నారు. నాకు మాత్రం కడుపు నిండినట్టు ఉంది. ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే అసహ్యం, కానీ అప్పుడు అలాగే ఉంది.

"చాలండి, ఇంక ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి" అన్నాడు డైరెక్టరు.

మెట్ల దగ్గర కాచుకున్న భార్య ఆయన్ని పట్టుకుని దింపుకుపోయింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. సగం మెట్లు దిగాక ఆయన ఆగాడు. "ఇన్‌కసర" అన్నాడు. ఎక్కడా తడబడలేదు.

ఆవిడ ఆయన చేతికి కమ్మీ పట్టించి, రొప్పుతూ పైకి పరుగెత్తుకొచ్చింది.

"వచ్చింది బాబూ! ఏడోది వచ్చింది! డైరెక్టరుగారిని ఒక్కసారి వినమని చెప్పవూ!"

ఆవిడ వెనక, మెట్ల మీద, మేష్టారు ఎనిమిదోది చెప్పి తొమ్మిదో అచ్చులోకి వెళుతున్నాడు.

"డైరెక్టరుగారు వెళ్ళిపోయారమ్మా" అన్నాను.

తలుపు దగ్గరగా వేశాను. డైరెక్టరు లోపల కూర్చుని టీ తాగుతున్నాడు.