మంగమ్మకు దిష్టి తగలకుండా

నోరు జారి కొంపలు ముంచినవాళ్ళను చూసుంటారు. నేను నోరు కట్టుకుని ముంచాను. నవ్వదలచినవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, చివర్లో నవ్వు రాకపోవచ్చు.

ఎనభైల మొదట్లో బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ మీద నేను మేస్త్రిని. కంపెనీ పరదేశం వాళ్ళది. ఆఫ్రికాలో ఇంకో ఫ్యాక్టరీ తెరుస్తున్నామనీ, అక్కడివాళ్ళకు పండ్లు ఏరడం నేర్పడానికి మాలో ఒకరిని ఏడాదిపాటు పంపుతామనీ మేనేజరు దొర చెప్పాడు. మా తమ్ముడి కూతురు మంగమ్మ వాసన చూసే చెప్పేది ఏ కాయ పండిందో. మొగుడు పోయిన పిల్ల. ఆ జీతం వస్తే కురిసే కొట్టానికి కప్పు వేసుకోవాలని దాని ఆశ.

దొర అందరి ముందే అడిగాడు. గుమాస్తా తెలుగులోకి మార్చాడు.

"మంగమ్మ పని ఎట్లుంటాదో చెప్పమంటాడు మేస్త్రమ్మా."

చుట్టూ ఆడవాళ్ళ కళ్ళు పేలాల్లా విచ్చుకున్నాయి. కాకిపిల్ల కాకికి ముద్దే, కానీ ఆ మాట కాకి పదిమందిలో అనకూడదు. పొగిడితే దిష్టి, తెల్లారితే జ్వరం!

"ఏం పనిలే సామీ. ఏదో చేతులాడిస్తాది," అన్నాను.

"మరి నాగరత్న?"

నాగరత్న గంపల చాటున కునుకు తీసే మనిషి. దాని పనికి ఏ కన్నూ తగలదు. ఉన్న కూలి పోగొట్టడం ఎందుకని, "బంగారం సామీ! అట్లాంటిది యాడా దొరకదు," అన్నాను.

ఇంకేముంది, నాగరత్నను ఎంచుకున్నారు.

సాయంత్రం మంగమ్మ వచ్చి నిలబడింది.

"ఏందత్తా, నీకేం చేసినాను నేను?"

"దిష్టి తగలకూడదని అట్ల అన్నాను మంగా."

"తగల్లేదులే అత్తా. ఇంగ నా మొగం ఎవురు సూస్తారు?"

రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లవారి గుమాస్తాను వెంటబెట్టుకుని దొర గదికి వెళ్ళాను.

"పనిమంతురాలు మంగమ్మే సామీ."

"మరి బాగలేదని ఎందుకు చెప్పినావంటాడు."

"బాగుండాది గాబట్టి."

"నాగరత్న?"

"వట్టి సోమరిది. అందుకే పొగిడినాను."

గుమాస్తా చెమట తుడుచుకుంటూ చెప్పాడు. దొర నన్ను పుల్లమామిడిని చూసినట్టు చూశాడు. మెత్తబడతాడేమోనని ఆఖరి ప్రయత్నం చేశాను.

"దొర శానా మంచోడని చెప్పప్పా!"

గుమాస్తా చెప్పాడు. దొర ముఖం ఎర్రబడింది. లేచి తలుపు చూపించాడు.

నాగరత్న విమానం ఎక్కింది. మంగమ్మ ఆ వానాకాలం కూడా కురిసే కొట్టంలోనే గడిపింది.

అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. మంచి మనిషిని ఎందరి ముందైనా మంచి మనిషనే చెబుతాను. తర్వాత ఇంటికి పిలిచి దిష్టి తీస్తాను. గుప్పెడు ఉప్పు, నాలుగు ఎండుమిరపకాయలు ఖర్చయితే అవనీ.