బొట్టుబిళ్ల దాటిన సముద్రం

దుమ్ముగూడెంలో గోదావరి ఒడ్డున కాపురమున్న పద్మావతమ్మ ఎక్కడ నీళ్లు కనిపించినా ముందు చూసేది అవి పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా అనే. కూతురు లిఖిత అండమాన్ దీవిలో ఖరీదైన హోటలుకు తీసుకొచ్చినా ఆ చూపు మారలేదు. పరుపు మీద రెండుసార్లు కూర్చుని లేచి, కుళాయిలన్నీ తిప్పి చూసి, మురిసిపోతూ గది ముందు సముద్రపు ఇసుకలోకి దిగే మెట్ల దగ్గరికొచ్చింది. నీళ్లు కింది మెట్టు దాకా ఉన్నాయి. అలవాటు కొద్దీ సంచిలోంచి బొట్టుబిళ్ల తీసి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో తెలిసేలా కింది మెట్టుకు గుర్తుగా అంటించింది. టీ తాగి వచ్చేసరికి బిళ్ల మునిగింది. కుచ్చిళ్లు ఎగదోపి పెట్టెలు, చెప్పులు, ఆఖరికి హోటలువాళ్ల కుర్చీని కూడా మంచం మీదికెక్కించి, కునుకు తీస్తున్న లిఖితను కుదిపింది.

"లెవ్వు బిడ్డా జల్దీ, నీళ్లొస్తున్నయ్."

"అది సముద్రం పోటమ్మా. వచ్చినట్టే పోతది."

పద్మావతమ్మ నమ్మలేదు. పై మెట్టు మీద కాపలా కూర్చుంది. పొద్దు వాలేసరికి నీళ్లు నిజంగానే వెనక్కి పోయాయి, బిళ్ల ఎర్రగా బయటపడింది. ఆమె గబగబా దిగి మెట్టును అరచేత్తో తుడిచింది. వరద తీసిన ప్రతిసారీ ఇంట్లో బురద ఎత్తిపోసిన ఆ చేతిని కూతురి ముఖం ముందు పెట్టింది.

"చూడే, బురద లేదు. ఇల్లు కడిగే పనే లేదు."