మేనత్త ఎంగిలి కోసం

ఆ ఆదివారం నా భార్య చర్చికి వెళ్లొచ్చింది. మధ్యాహ్నం కోడిగుడ్ల పులుసు వండింది. గిన్నెలు సర్దుతూ ఛాతీ బరువుగా ఉందని కూర్చుంది. ఫిల్మ్‌నగర్‌లోని మా ఇంటికి ఆసుపత్రి దూరం కాదు. చేరేసరికే ప్రాణం లేదన్నారు. వాళ్లు తిరిగి ఇచ్చిన ఆమె చేతిసంచిలో వాడని ప్లాస్టిక్ గొట్టం ఒకటుంది. డీఎన్‌ఏ పరీక్షకు ఎంగిలి పట్టి పంపే గొట్టం.

ఆమెవి పిల్లికళ్లు. సినిమాల్లో గుంపు వేషాలు వేసేది. బ్రిటిష్‌వాళ్ల కాలం కథయితే గౌను తొడిగించి నిలబెట్టేవారు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. అసిస్టెంటు డైరెక్టరు, "అమ్మా, గీడ నిలబడుండ్రి. జర నవ్వకుండ్రి, దొరసానులు నవ్వరు" అన్నాడు.

"మా ముత్తాత దొర కాదు నాయనా, రైలింజను డ్రైవరు. మేం నవ్వొచ్చు" అంది.

ఆ ముత్తాత ఐర్లాండు నుంచి రైల్వే పనికి వచ్చాడు. కోస్తాలో తెలుగమ్మాయిని చేసుకుని అక్కడే పోయాడు. ఏ ఊరివాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. "వాళ్లమ్మ ఎదురుచూసే ఉంటుందండీ. కొడుకు ఏమయ్యాడో అక్కడివాళ్లకీ తెలిసుండదు" అనేది నా భార్య. మా తాతముత్తాతల ఊళ్లన్నీ నాకు తెలుసు. అది భాగ్యమని ఆమె వల్లే తెలిసింది.

ఆ ఊరు కనుక్కోవాలని తన ఎంగిలి పరీక్షకు పంపింది. ఐర్లాండులో దూరపు చుట్టాలు చాలామంది తేలారు, ఊరు తేలలేదు. ఇంకా దగ్గరివాళ్లు తేలాలంటే ఒక తరం పైవాళ్ల ఎంగిలి కావాలి. మిగిలింది మోతీనగర్‌లో ఉన్న తన మేనత్త ఒక్కరే.

"నా ఎంగిలి ఊరుగాని ఊరు పంపుతావా? కన్నపిల్లలకే నా గ్లాసు ఇవ్వలేదు నేను!" అనేది ఆవిడ.

"వాళ్లేం తాగరత్తా."

"చూస్తారుగా! కూర్చో, చేపలు తిని పో."

ప్రతిసారీ గొట్టం ఖాళీగా, టిఫిన్ బాక్సు నిండుగా తిరిగొచ్చేవి. ఆవిడ పెద్దది, ఆయాసం. మోతీనగర్ నుంచి ఫోను వస్తే చెడ్డ కబురేమోనని నా భార్య మంచం మీద కూర్చున్నాకే ఎత్తేది. ఆ భయం ఇప్పుడు నాది. గొట్టానికి గడువు ఈ నెలాఖరు దాకానే.

ఇవాళ సాయంత్రం ఫోను మోగింది. కూర్చునే ఎత్తాను. మేనత్తే.

"బాబూ, ఆ గొట్టం పారేశావా?"

"లేదు పిన్నిగారూ."

"ఆ పిల్ల అడిగినన్నాళ్లూ ఇవ్వలేదు. వచ్చి పట్టుకెళ్లు."

"అరగంట ముందు నుంచీ ఏమీ తాగకూడదండీ. కాఫీ కూడా."

"కాఫీ కూడానా!" దగ్గు తెర వచ్చింది. అది ఆగేదాకా ఫోను చెవికి నొక్కిపెట్టుకున్నాను. "అయితే పెందలాడే రా. ఎక్కువసేపు ఉండలేను."

ఆ చివరి మాట ఆవిడ కాఫీ గురించే అంది. అయినా నాకు కుదురు లేదు. రేపు తెల్లవారగానే మోతీనగర్ వెళ్తాను. ఆవిడ పొయ్యి వెలిగించకముందే తలుపు కొడతాను.