గడప మీద ఉమ్మి

న్యూయార్క్‌లోని పాత యూదుల పేటను మాకు చూపించిన గైడ్ ఒక పెద్దావిడ. ఆ వీధిలోనే పుట్టిందట. ఏ మేడలో ఎవరు బట్టలు కుట్టేవారో, ఎక్కడ రొట్టెలు కాల్చేవారో చెబుతూ నడిపించింది. వాళ్ల ప్రార్థనా మందిరం ముందు నిలబడి మాట్లాడుతుండగా, సూటు వేసుకున్న ఒకడు ఆగి, యూదులను బూతులు తిట్టి, గడప మీద కాండ్రించి ఉమ్మాడు. నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఆవిడ బ్యాగ్‌లోంచి టిష్యూ తీసి వంగబోయింది.

"ప్లీజ్, మీరుండండి. నేను క్లీన్ చేస్తాను," అన్నాను.

"వద్దమ్మా. నా పెళ్లి ఇక్కడే అయింది," అంటూ తనే శుభ్రంగా తుడిచింది.

వాడి నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు. ఆవిడ మాత్రం లోపలికెళ్లి చేతులు కడుక్కొని, కథను ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకుంది.