అది వేడి కాదు, వదినా

మా వదిన పోయింది. దినాలు కూడా అయిపోయాయి. నేను ఊరి బడిలో నాలుగు అక్షరాలు నేర్చినవాణ్ణి. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, ఒత్తులు తప్పుతాయి. మన్నించి చదవండి.

నేను బొగ్గుబాయి డ్యూటీ దిగి గోదావరిఖని క్వార్టరుకు వచ్చేసరికి పక్కింటి అరుగు మీద వదిన కూర్చొని ఉండేది. "మా మరిదికి మాటలు గూడ రేషన్ల ఇస్తరేమో" అని నవ్వేది. నేను తల వంచుకొని పోయేవాణ్ణి.

ఆమె గిన్నెలో ఎప్పుడూ సబ్జా గింజలు నానుతుండేవి. మా దగ్గర ఎండ, బొగ్గు, కరెంటు ప్లాంటు. ఏ బాధ వచ్చినా వేడి చేసిందనడమే అలవాటు. కాలనీ ఆడవాళ్లు వచ్చి ఆమె చెవిలో ఏదో చెప్పేవారు. "వేడే బిడ్డా, తాగు" అని గ్లాసు చేతిలో పెట్టేది. తనకూ అదే మందు. తెల్లబట్ట వాసన వచ్చినా వేడే, నడుము లాగినా వేడే. ముట్లు ఆగిపోయినాక మళ్లీ రక్తం కనబడితే, ఈసారి ఎండలు ఎక్కువని నా భార్యతో అన్నదట.

అన్న ఎప్పుడో పోయాడు. నేనూ నా భార్యా దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ విడమరిచి చెబుతుంటే నేను గోడవైపు తిరిగి విన్నాను. తెల్లబట్ట రంగు మారడం, వాసన, పొత్తికడుపు నొప్పి, మూత్రంలో మంట, నెల కాని రోజుల్లో గానీ ఆలుమగలు కలిసినాక గానీ రక్తం కనబడటం... గర్భసంచి మూతికి వాపు వస్తే ఇవి గుర్తులట. వాపైతే మందులతో తగ్గుతుంది. క్యాన్సరు కూడా మొదట్లో ఇట్లాగే ఉండొచ్చు, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. వదినది క్యాన్సరు. చెయ్యి దాటిపోయింది.

వదిన తన కోసం ఏడవలేదు. "మరి నేను సబ్జా తాగిచ్చినోళ్ల సంగతేంది, మరిదీ?" అన్నది. "అది వేడి గాదని చెప్పు. నువ్వన్న చెప్పు."

నా భార్య ఇల్లిల్లూ తిరిగింది. కొందరు నవ్వారు, కొందరు తలుపు దగ్గరకేశారు. ఒక్కరూ దవాఖానకు పోయినట్టు లేదు. ఎదురింటి కోడలైతే, "మీ అక్కది రోగం. నాది ఉత్త వేడే, పెద్దమ్మా" అన్నది.

ఇది రాస్తుంటే ఆ పిల్లే నీళ్ల బిందె మోసుకుపోతోంది. కొంచెం నడిచి ఆగింది. బిందె దించి, కొంగు చాటున పొత్తికడుపు పట్టుకొని నిలబడింది. మళ్లీ ఎత్తుకుంది. పిలుద్దామని గుమ్మం దాకా పోయి, వెనక్కి వచ్చి కూర్చున్నాను. నా అసొంటి ముసలాయన ఇసొంటి మాట పరాయింటి ఆడపిల్లకు ఎట్లా చెప్పాలో మీకు తెలిస్తే, జల్ది జవాబు రాయండి.